కొలిచి ఇచ్చిన కరెంటు

సాలూరు లారీల ఊరు. మొన్నమొన్నటి దాకా విజయనగరం జిల్లా, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. అక్కడి నుంచి సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్ వైపు ఘాటీ రోడ్డు ఎక్కుతుంది. ఒడిశాకి, ఛత్తీస్‌గఢ్‌కి మన సరుకు వెళ్లే దారుల్లో అదొకటి. ఆ దారిలో ఏళ్ల తరబడి బండి నడిపిన ఓ పెద్దాయన నా చిన్నప్పుడు అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "ఘాటీ దిగినప్పుడు బ్రేకునేటి నమ్ముతాం బాబూ, గేరునే నమ్ముకోవాల." బరువుతో దిగే లారీని అస్తమానం బ్రేకు తొక్కి ఆపితే డ్రమ్ములు కాలిపోతాయి. చిన్న గేరులో వేసి ఇంజనుతోనే బండిని పట్టి ఉంచాలి. మలుపు కనబడ్డాక కాలు తీయడం కొత్తవాడి పని. మలుపు ఎక్కడుందో ముందే తెలిసినవాడు దానికి ఎంతో దూరం ఉండగానే కాలు తీస్తాడు.

ఆ మాట నాకు మళ్లీ గుర్తొచ్చింది 2023 ఫిబ్రవరి 11న. ఆ రోజు హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున, ఎన్టీఆర్ మార్గ్, లుంబినీ పార్కు, కొత్త సచివాలయం పరిసరాల్లోని రోడ్ల మీద కరెంటుతో నడిచే ఫార్ములా ఈ పందెం కార్లు పరుగెత్తాయి. తెలుగు నేల మీద జరిగిన తొలి ప్రపంచ స్థాయి కార్ల పందెం అది. మూడు కిలోమీటర్ల లోపు చుట్టు, 18 మలుపులు. ఆ ఏడాదే వచ్చిన మూడో తరం కార్లకు వెనక చక్రాల దగ్గర మామూలు వాడకానికి బ్రేకులే లేవు. వేగం తగ్గించే పని మోటారుదే. తగ్గించేటప్పుడు ఆ మోటారే జనరేటరుగా మారి కరెంటు తయారుచేసి బ్యాటరీలోకి పంపుతుంది. ముందు చక్రాల దగ్గరి మోటారు కూడా ఇదే పని చేస్తుంది. రెండూ కలిపి 600 కిలోవాట్ల దాకా తిరిగి రాబట్టగలవు. ఘాటీ దిగే లారీ ఇంజను వేడిగా గాలిలోకి వదిలేసే బలాన్ని ఈ కారు బ్యాటరీలో దాచుకుంటుంది. అంతే తేడా.

కార్ల పందేలంటే ఎవడు గట్టిగా తొక్కితే వాడిదే గెలుపని మనలో చాలామంది అనుకుంటారు. అందులో తప్పు పట్టడానికేం లేదు, టీవీలో కనబడేది అదే మరి. కానీ ఈ పందేలను పదిహేనేళ్లుగా చూస్తున్నవాడిగా నాకు బలంగా అనిపించేది వేరు. పందెం ఎలా సాగాలన్నది జెండా ఊపడానికి నెలల ముందే, నిబంధనల పుస్తకంలో సగం తేలిపోతుంది. వ్యూహం అంటే ఆ పుస్తకాన్ని ఎదుటివాడికంటే లోతుగా చదవడం. మరి మంచి పందేన్ని పుట్టించే నిబంధన ఏది, పందేన్ని చంపేసే నిబంధన ఏది? దశాబ్దాల అనుభవం మన ముందుంది కనుక దీనికి జవాబు వెతకొచ్చు.

హైదరాబాద్ పందెంతోనే మొదలుపెడతాను. ఆ కార్లకు పందెం మొత్తానికి వాడుకోనిచ్చే కరెంటు దాదాపు 38.5 కిలోవాట్ అవర్లు. మన మీటరు భాషలో 38.5 యూనిట్లు, ఓ మధ్యతరగతి ఇంట్లో వారం పదిరోజుల వాడకం. మొదటి నుంచి చివరి దాకా తొక్కిపట్టి నడిపితే అది పందెం పూర్తవకుండానే అయిపోతుంది. పందెంలో వాడదగిన బలం 300 కిలోవాట్లు, అంటే సుమారు 400 హార్స్ పవర్. అటాక్ మోడ్ అనేదొకటి ఉంది. ట్రాక్ మీద గీసిన ఓ పక్క గీత మీంచి కారు పోనిస్తే కొన్ని నిమిషాల పాటు 350 కిలోవాట్లు వాడుకోవచ్చు. ఆ గీత మీదకి వెళ్లాలంటే దారి వదిలి కాస్త చుట్టూ తిరగాలి, స్థానం పోతుంది. ఎప్పుడు వదలాలి, ఎప్పుడు అందుకోవాలి అన్నది జట్టు లెక్క.

ఆ రోజు ముందు వరుసలో జాగ్వార్ డ్రైవర్ మిచ్ ఎవాన్స్, పక్కన డీఎస్ పెన్స్కీకి చెందిన జాన్ ఎరిక్ వెర్న్. గెలుపు అవకాశం మెండుగా ఉన్న జాగ్వార్ జట్టు తన చేతులారా దాన్ని పోగొట్టుకుంది. ఓ ముడి మలుపు దగ్గర సామ్ బర్డ్ తన సొంత జట్టువాడైన ఎవాన్స్‌నే గుద్దాడు. ఆ తరువాత ముందున్నది వెర్న్. వెనకే నిక్ కాసిడీ. చివరి చుట్లలో తెర మీద కనబడ్డ అంకెలే అసలు కథ చెప్పాయి. కాసిడీ బ్యాటరీలో వెర్న్ దగ్గరకంటే ఎక్కువ మిగిలి ఉంది. మామూలుగా అయితే వెనకవాడిదే పైచేయి. కానీ వెర్న్ ఎక్కడ కాలు తీయాలో, ఎక్కడ దారి మూసేయాలో మలుపు మలుపుకీ లెక్కవేసుకుని, అర సెకను కూడా లేని తేడాతో గీత దాటాడు. మిగిలిన కరెంటు దాదాపు సున్నా. నా దృష్టిలో ఆ చివరి చుట్లు డ్రైవింగ్‌కి ఓ పాఠం. తక్కువ ఉన్నవాడు ఎక్కువ ఉన్నవాడిని ఆపాడు.

ఆ పందెంలో నిబంధన మరో రకంగానూ తన బలం చూపించింది. గీత దాటిన వరసలో మూడోవాడు సెబాస్టియన్ బ్యూమీ. అతని కారు అనుమతించిన బలంకంటే ఎక్కువ వాడిందని కొలతల్లో తేలింది. సమయ శిక్ష పడింది, మూడో స్థానం ఆంటోనియో ఫెలిక్స్ డకోస్టాకు వెళ్లిపోయింది. లిప్తపాటు దాటినా దాటినట్టే. తొమ్మిదేళ్ల ముందు ఫార్ములా వన్‌లోనూ అచ్చం ఇలాగే జరిగింది. 2014లో పందెం మొత్తానికి 100 కిలోల ఇంధనం, గంటకు 100 కిలోలకు మించని ప్రవాహం అని కొత్త కొలతలు పెట్టారు. ఆ మార్చిలో తొలి పందెం ఆస్ట్రేలియాలో. సొంత దేశంలో, రెడ్ బుల్‌లో తన మొదటి పందెంలోనే డానియల్ రికియార్డో రెండోవాడిగా వచ్చాడు. ప్రవాహం హద్దు దాటిందని అదే రాత్రి అతని ఫలితాన్ని కొట్టేశారు. మా కొలతే సరైనదని జట్టు అప్పీలుకు వెళ్లినా నిలవలేదు. కొలిచి ఇచ్చే నిబంధన నిలబడాలంటే ఒకే తరాజు ఉండాలి, అది కొలిచేవాడి చేతిలో ఉండాలి.

ఈ కొలిచి ఇవ్వడం కొత్తేమీ కాదు. 1988లో టర్బో ఇంజన్ల కార్లకు పందేనికి 150 లీటర్లే అన్నారు. పీడనం కూడా తగ్గించేశారు. టర్బోల పని అయిపోయిందనుకున్నారు. హోండా ఇంజను పెట్టుకున్న మెక్‌లారెన్ 16 పందేల్లో 15 గెలిచింది. తక్కువ నూనెతో ఎక్కువ దూరం లాగే ఇంజను చేయడం మీద హోండా మనసు పెట్టింది. డబ్బు ఎవరి దగ్గరైనా ఉంటుంది, శ్రద్ధ కొందరి దగ్గరే ఉంటుంది. మన ఆర్టీసీ డిపోల్లో డ్రైవర్ల మధ్య వినబడే కేఎంపీఎల్ మాట కూడా ఇదే విద్యకు చెందింది. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు రాబట్టావన్నదే అక్కడ పనితనానికి కొలత. అవే బస్సులు, అవే రోడ్లు, అయినా ఒక డ్రైవరుకి వచ్చింది మరొకరికి రాదు.

మానెడు బియ్యం చేతిలో పెట్టి ఇంటిల్లిపాదికీ వండిపెట్టమంటే వంట తెలిసిన మనిషి ఏదో దారి వెతుకుతుంది. గంజి కాస్తుంది, పులిహోర కలుపుతుంది. దారి ఆమెదే. అలా కాక, పొయ్యి మీద గిన్నె రెండుసార్లు దింపి తీరాలని షరతు పెడితే రుచి ఎక్కణ్నుంచి వస్తుంది? మొనాకోలో 2025లో పెట్టిన నిబంధన సరిగ్గా ఇలాంటిదే.

అంతకు ముందటి ఏడాది, 2024లో, మొనాకో పందెం మొదటి చుట్టులోనే ప్రమాదం వల్ల ఆగింది. ఆగినప్పుడు టైర్లు మార్చుకోవచ్చు. అందరూ మార్చేసుకున్నారు. తరువాత మళ్లీ ఆగాల్సిన అవసరం లేకపోవడంతో మొదటి పదిమంది ఏ వరసలో బయల్దేరారో ఆ వరసలోనే గమ్యం చేరారు. ఇరుకు సందుల ఊరది, దాటే చోటే లేదు. అందుకని మరుసటి ఏడాది ప్రతి డ్రైవరూ కనీసం మూడు సెట్ల టైర్లు వాడి తీరాలని, అంటే రెండుసార్లు ఆగి తీరాలని హుకుం వచ్చింది. ఫలితం? ఒకే జట్టులోని ఇద్దరిలో ఒకడు కావాలని నెమ్మదిగా నడిపి వెనకున్న వరసనంతా పట్టి ఉంచుతాడు. ఆ ఖాళీలో రెండోవాడు స్థానం పోకుండా ఆగి టైర్లు మార్చుకుని వస్తాడు. తరువాత పాత్రలు మారతాయి. తెలివైన ఎత్తే, కాదనను. కానీ పందెం కార్లు కావాలని పాకుతుంటే చూడటం నాకు బాధగా అనిపించింది. ఎత్తు వేసిన జట్ల మీద నాకు కోపం లేదు. జబ్బు ఇరుకు ట్రాక్‌ది, పెద్ద కార్లది. మందు టైర్లకి వేశారు.

టైరు నిబంధనలు ఎంత దూరం తీసుకెళ్లగలవో 2005 చూపించింది. ఆ ఏడాది పందెం మొత్తం ఒకే సెట్టుతో పూర్తిచేయాలన్నారు, ఆగి మార్చుకోవడం కుదరదన్నారు. జూన్ 19న అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో, ఏటవాలు గట్టు ఉన్న ఓ మలుపు మిషెలిన్ టైర్లకు ప్రమాదకరమని ముందే తేలిపోయింది. రాజీ కుదరలేదు. బయల్దేరే ముందు తిరిగే చుట్టు అయ్యాక మిషెలిన్ టైర్లున్న 14 కార్లు గ్యారేజీల్లోకి వెళ్లిపోయాయి. డబ్బిచ్చి వచ్చిన జనం ముందు ఆరు కార్లే పరుగెత్తాయి. కోయంబత్తూరు వాసి నారాయణ్ కార్తికేయన్ జోర్డన్ కారులో నాలుగో స్థానంలో వచ్చి, ఫార్ములా వన్‌లో పాయింట్లు సాధించిన తొలి భారతీయుడయ్యాడు. మరుసటి ఏడాదే టైర్లు మార్చుకోవడం తిరిగి వచ్చింది. కొలిచి ఇవ్వడం మంచిదే గాని, ప్రాణం మీదికి వచ్చినప్పుడు సడలించే దారి ఆ పుస్తకంలోనే ఉండాలని ఆ రోజు తేలింది.

పందెం మధ్యలో ఇంధనం నింపుకునే కాలం ఒకటి నడిచింది, 1994 నుంచి 2009 దాకా. దాన్ని తలుచుకుని మురిసేవాళ్లు చాలామంది ఉన్నారు. 1998లో హంగరీలో జట్టు వ్యూహకర్త రాస్ బ్రాన్ మూడుసార్లు ఆగే ఎత్తు వేసి, 19 చుట్లలో 25 సెకన్లు సంపాదించమని మైకేల్ షూమాకర్‌ను అడగడం, అతను తెచ్చిపెట్టడం ఇప్పటికీ చెప్పుకునే కథ. 2004లో ఫ్రాన్స్‌లో నాలుగుసార్లు ఆగి కూడా అతనే గెలిచాడు. ఆ రెండు పందేలూ నాకూ ఇష్టమే. కానీ నిజం చెప్పాలంటే ఆ కాలంలో దాటడాలు చాలావరకు ట్రాక్ మీంచి, కార్లు ఆగే పక్కదారి పిట్ లేన్‌లోకి వెళ్లిపోయాయి. ఎవరి ట్యాంకులో ఎంతుందో చూసేవాడికి తెలియదు. తెలియని లెక్క ఎంత గొప్పదైనా చూసేవాడికి అది కేవలం నిరీక్షణే. 2010లో దాన్ని ఆపేశారు, సరైన పనే చేశారని నా అభిప్రాయం.

ఆ తరువాత లెక్కంతా టైర్ల చుట్టూ తిరిగింది. కొత్త టైరు చుట్టుకు సెకనో రెండో వేగం ఇస్తుంది. ముందున్నవాడికంటే ఒక చుట్టు ముందే ఆగి కొత్త టైర్లతో బయటపడితే, వాడు ఆగి వచ్చేసరికి నువ్వు ముందుంటావు. దీన్నే అండర్‌కట్ అంటారు. కానీ ఆగడానికే ఇరవై సెకన్లో అంతకు మించో పోతాయి, ఎక్కువసార్లు ఆగలేవు. ఈ లెక్కను అతి అందంగా చూపిన పందెం మన దేశంలోనే జరిగింది. 2013 అక్టోబర్ 27, గ్రేటర్ నోయిడా దగ్గరి బుద్ధ్ సర్క్యూట్. అక్కడ మెత్తటి టైరు త్వరగా కరిగిపోతుంది. కానీ దాంతోనే అర్హత పరుగులో ముందు చోటు దొరుకుతుంది. అందరికంటే ముందు బయల్దేరిన సెబాస్టియన్ వెటెల్ రెండో చుట్టుకే ఆగి ఆ టైర్లు వదిలించుకున్నాడు. పదిహేడో స్థానానికి పడిపోయాడు. ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి గెలిచి, వరసగా నాలుగో ప్రపంచ టైటిల్ అందుకున్నాడు. అదే రోజు రొమెయిన్ గ్రోజాన్ పదిహేడో చోట బయల్దేరి ఒక్కసారే ఆగి మూడోవాడయ్యాడు. అదే ఎత్తు వేసిన అతని జట్టు సహచరుడు కిమి రైకోనెన్‌కు చివర్లో టైర్లు చచ్చిపోయి రెండో స్థానం చేజారి ఏడోవాడయ్యాడు. ఒకే కారు, ఒకే టైరు, ఒకే ఎత్తు, రెండు ఫలితాలు. ఇంతమంది ఇన్ని దారులు వెతుక్కోగలిగారంటే నిబంధన తన పని సవ్యంగా చేసినట్టే. రెండు రకాల టైర్లూ వాడి తీరాలన్న షరతు అందులోనూ ఉంది, నిజమే. కానీ ఎప్పుడు, ఎంతసేపు అన్నది జట్టుకే వదిలారు.

సాంకేతిక నిబంధనలు వేరు, వ్యూహం వేరు అనుకోవడం కూడా పొరపాటే. 2024 జూలై 28న బెల్జియంలోని స్పాలో జార్జ్ రసెల్ ఒక్కసారే ఆగి గెలిచాడు. మిగతా ముందువరస వాళ్లు రెండుసార్లు ఆగారు. టైర్లు నిలుస్తాయని అతనే రేడియోలో చెప్పి జట్టును ఒప్పించాడు. తరువాత కారును కాటా వేశారు. లోపల మిగిలిన ఇంధనం తోడేశాక తూకం 796.5 కిలోలు. ఉండాల్సింది 798. కిలోన్నర తక్కువ. గెలుపు పోయింది, రెండోవాడిగా వచ్చిన లూయిస్ హామిల్టన్ విజేత అయ్యాడు. మొదటి కారణంగా అందరి మనసులోకీ వచ్చింది ఆ ఒక్క ఆగడమే. 34 చుట్లు ఒకే టైర్ల మీద నడిపితే రబ్బరు అరిగి బరువు తగ్గుతుంది. మిగతా ట్రాక్‌ల మీద పందెం అయ్యాక మెల్లగా తిరిగే చుట్టులో రోడ్డు మీద పడి ఉన్న రబ్బరు ముక్కలు టైర్లకు అంటుకుని కొంత బరువు తిరిగి వస్తుంది. స్పా ఏడు కిలోమీటర్ల పొడవు. అక్కడ ఆ చుట్టు పూర్తిగా తిరగరు. గెలిపించిన ఎత్తే ఓడించింది. లారీ డ్రైవరుకి కాటా దగ్గర పైన ఎక్కువ ఉంటుందన్న భయం, ఇక్కడ కింద తక్కువ ఉంటుందన్న భయం.

కారు అడుగున ఉండే పలక కథ కూడా ఇలాంటిదే. 1994లో ఇమోలాలో డ్రైవర్లు రోలాండ్ రాట్జన్‌బర్గర్, ఐర్టన్ సెన్నా వరసగా రెండు రోజుల్లో చనిపోయాక, కార్లు నేలకు మరీ ఆనుకుని పరుగెత్తకుండా అడుగున పలక బిగించాలన్నారు. మందం 10 మిల్లీమీటర్లు, పందెం అయ్యేసరికి కొలిచే చోట 9కి తగ్గకూడదు. కారు ఎంత కిందికి దిగితే నేలను అంత గట్టిగా కరుచుకుంటుంది కనుక ప్రతి జట్టూ ఆ ఒక్క మిల్లీమీటరు అంచు దాకా వెళుతుంది. 2023లో ఆస్టిన్‌లో హామిల్టన్, చార్లెస్ లెక్లెర్ ఇద్దరి ఫలితాలూ దీనివల్లే పోయాయి. అప్పుడు వారాంతంలో సాధనకు ఒక్క విడతే దొరికింది, రోడ్డు గతుకులమయం. 2025 నవంబర్‌లో లాస్ వేగాస్‌లో మెక్‌లారెన్ డ్రైవర్లు లాండో నోరిస్, ఆస్కార్ పియాస్ట్రి ఇద్దరికీ అదే గతి పట్టింది. ఎంత కఠినమనిపించినా ఈ నిబంధనను నేను తప్పుపట్టలేను. రెండు ప్రాణాల లెక్క దాని వెనక ఉంది.

కొలిచి ఇవ్వడం వల్ల ఎప్పుడూ మంచి పందెమే వస్తుందని కూడా అనలేను. 2021 ఏప్రిల్ 24న వాలెన్సియాలో జరిగిన ఫార్ములా ఈ పందెం నాకు మింగుడుపడలేదు. ప్రమాదాలప్పుడు అందరినీ నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కార్ వచ్చినప్పుడల్లా మిగిలిన శక్తిలోంచి కొంత కోసేసేవారు. చివర్లో మరోసారి అది వచ్చింది, మరోసారి కోత పడింది. ముందున్న డకోస్టా గడువు ముగియడానికి పదహారు సెకన్ల ముందు గీత దాటడంతో అనుకోని అదనపు చుట్టు అందరి నెత్తినా పడింది. చాలా కార్లలో కరెంటు అయిపోయింది. ప్రపంచంలోని అతి గొప్ప డ్రైవర్లు పాకుతూ, ఆగుతూ కనబడ్డారు. నిక్ డి వ్రీస్ గెలిచాడు. అన్నం వడ్డించాక విస్తట్లోంచి తీసేసినట్టుంది ఆ పద్ధతి. మూడో తరం కార్లతో పాటు పందెం నిడివికి నిమిషాల లెక్క పోయి చుట్ల లెక్క వచ్చింది. ఆ మార్పు లేకపోతే హైదరాబాద్‌లో వెర్న్ అంత ధైర్యంగా చివరి చుక్క దాకా లెక్కవేసుకోగలిగేవాడు కాదనుకుంటాను.

మరీ బిగించి కొలిచినా చిక్కే. 2023 జూన్‌లో పోర్ట్‌లాండ్‌లో పొడవాటి రోడ్డు మీద ముందు నడిచేవాడు గాలిని చీల్చుకుంటూ కరెంటు ఖర్చు చేస్తాడు, వెనకవాడు అతని చాటున ఆదా చేస్తాడు. దాంతో ఎవరికీ ముందుండటం ఇష్టం లేదు. దాటడాలు 403 అని నిర్వాహకులు లెక్క చెప్పారు. పదో చోట బయల్దేరిన కాసిడీ గెలిచాడు. సైకిల్ పందెంలా ఉందన్నవాళ్లూ ఉన్నారు, అద్భుతమన్నవాళ్లూ ఉన్నారు. నేను మొదటి వాళ్ల పక్షాన. ముందుండటం నష్టమయ్యే చోట గెలవాలన్న తపనకి చోటు తక్కువ.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఆ రోజు హుస్సేన్ సాగర్ ఒడ్డున చూసిన లెక్కే 2026 నిబంధనలతో ఫార్ములా వన్‌లోకి వచ్చేసింది. అప్పటిదాకా 120 కిలోవాట్లున్న విద్యుత్ మోటారు బలం 350కి పెరిగింది. హైదరాబాద్ కార్ల వెనక మోటారు బలమూ అంతే. ఇంజను నుంచి సగం, కరెంటు నుంచి సగం అన్నది స్థూలంగా లెక్క. కానీ బ్యాటరీలోంచి ఒక విడతలో వాడుకోదగ్గది 4 మెగాజౌల్స్, అంటే యూనిట్టుకి కాస్త ఎక్కువ. పూర్తి బలంతో వాడితే పదకొండు సెకన్లలో ఖాళీ. చుట్టులో ఎన్నోసార్లు నింపుకోవాలి, ఎన్నోసార్లు వాడుకోవాలి. తిన్నటి రోడ్డు చివర మలుపు రాకముందే కాలు తీయడం, ఎవరిని ఎక్కడ దాటాలో ముందు చుట్టులోనే కరెంటు దాచిపెట్టుకోవడం ఇకపై అక్కడి డ్రైవర్ల రోజువారీ పని. ట్రాక్‌ను బట్టి ఈ కొలతలు సర్దే వీలు కూడా పాలక సంస్థ ఎఫ్ఐఏ చేతిలో ఉంది.

మన దగ్గర ఆ ఫార్ములా ఈ పందెం మళ్లీ జరగలేదు. 2024 ఫిబ్రవరి పోటీ రద్దయినట్టు ఆ జనవరిలోనే ప్రకటించారు. దాని చెల్లింపుల మీద రేగిన కేసులు కోర్టుల్లో తేలాల్సినవి. ఉత్తరాంధ్ర కుర్రాడెవడైనా పేరున్న శాశ్వతమైన ట్రాక్ మీద కారు నడపాలంటే చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టైకో, కోయంబత్తూరుకో, నోయిడాకో రైలెక్కాల్సిందే. అందుకే మాలాంటి వాళ్లకి ఈ ఆట ప్రధానంగా తెర మీది ఆట. తెర మీద చూసేవాడిగా నాకు కావలసినవి రెండే. పందెం మొదలయ్యే ముందు చెప్పిన కొలతను మధ్యలో మార్చకూడదు. ఎవరి దగ్గర ఎంత మిగిలిందో ఆ అంకె, హైదరాబాద్‌లో వెర్న్, కాసిడీల పేర్ల పక్కన చూపినట్టు, ప్రతి కారు పేరు పక్కనా చివరి దాకా కనబడుతూ ఉండాలి. ఆ అంకె లేకపోతే, ముందున్నవాడు మలుపుకు వంద మీటర్ల ముందే ఎందుకు కాలు తీశాడో సాలూరు డ్రైవరు ఊహించగలడు గాని, అతని పక్కన కూర్చున్న మనవడికి అర్థం కాదు.